తిప్పి వేసుకున్న కార్డు

జెస్సికా పనిచేసే దవాఖానలో ఒక పద్ధతి ఉంది. మెడలో వేలాడే గుర్తింపు కార్డు ఎప్పుడూ తిరగేసే ఉండాలి. ముందువైపు ఆమె ఫోటో, పేరు, ఆ కింద ‘ఫిజీషియన్ అసిస్టెంట్’ అన్న అక్షరాలు ఉంటాయి. వెనకవైపు దవాఖాన గుర్తు, ఫోన్ నంబరు, అంతే. రోగుల కంట పడాల్సింది ఆ వెనకవైపే. పైనుంచి ఎవరైనా తనిఖీకి వస్తున్నారని తెలిసిన రోజు మాత్రం మేనేజరు భానుచందర్ వార్డులన్నీ తిరుగుతూ, “కార్డులు సీదా చేసుకోండ్రి, సీదా చేసుకోండ్రి” అని కోళ్లను అదిలించినట్టు అదిలిస్తాడు. తనిఖీ వాళ్ల కారు గేటు దాటగానే కార్డులన్నీ మళ్లీ వెనక్కి తిరుగుతాయి.

హనుమకొండలో అంత పెద్ద అద్దాల మేడ కట్టి, గుమ్మంలో దేవుడి పటం పెట్టి, రోజూ దానికి తాజా దండ వేసే ఆ దవాఖానకు నిజంతో అవసరం తనిఖీ రోజునే పడుతుంది. మిగతా రోజుల్లో దాని మొహం చూసేవాడు లేడు.

చేరిన కొత్తలో జెస్సికా ఒకసారి అడిగింది. “సార్, నేనెవరో పేషెంట్లకు తెల్వాలె కదా?”

భానుచందర్ నవ్వాడు. “వాళ్లకు గవన్నీ ఎందుకు? తెల్లకోటు కనబడితే సగం రోగం తగ్గుతది. నువ్వు ఫికర్ చెయ్యకు.”

రోగుల ముందు ఆమె ‘డాక్టర్ మేడం’. రోగులు అటు తిరగగానే ‘ఏయ్ జెస్సికా’. ఈ రెండు పిలుపుల మధ్య ఆమెకు ఒళ్లు మండిపోయేది. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత సిగ్గేసేది, ఇప్పుడు ఉత్త రోత మిగిలింది. పొద్దున్నే కోటు తొడుక్కుంటుంటే, ఎవరో విడిచిన తడిబట్ట కట్టుకున్నట్టు ఉండేది.

అలాగని ఆమె చదివిన చదువును తప్పు పట్టడానికి లేదు. ఇంటర్ తర్వాత మెడికల్ సీటు రాక ఏడుస్తున్న రోజుల్లో, కాలేజీ తరఫు మనిషి ఒకడు రంగురంగుల కాగితాలు పట్టుకుని కాశిబుగ్గలో వాళ్ల ఇంటికొచ్చి, తల్లి ఎస్తేరు పెట్టిన చాయ్ తాగి, “డాక్టర్ పక్కన ఇంకో డాక్టరే అనుకోండమ్మా. బయటిదేశాలల్ల ఎగబడి తీస్కుంటాన్రు” అని చెప్పి వెళ్లాడు. ఆ మాటల్లో సగం గాలే. కానీ చదువు గాలి కాదు. మూడేళ్లు ఒళ్లు వంచి చదివింది. నాలుగో ఏడు ఇంటర్న్‌షిప్పు హైదరాబాదులో, గుండె జబ్బుల వార్డులో. అక్కడొక పెద్ద డాక్టరు ఉండేవాడు. రోగి పక్కన కూచుని, నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎటు పాకుతుందో, ఇంట్లో ఇంకెవరికుందో ఓపిగ్గా అడిగి రాయడం ఆయన దగ్గరే నేర్చుకుంది. రాసింది ఆయన చదివేవాడు, తప్పుంటే అక్కడికక్కడే దిద్దేవాడు, ఆ తర్వాతే కింద సంతకం పెట్టేవాడు. రోగికి కూడా చెప్పేవాడు: “ఈమె నా అసిస్టెంట్. ఈమెకు చెప్పింది నాకు చెప్పినట్టే.” ఆ మాట విన్నప్పుడల్లా జెస్సికాకు తన పని మీద గౌరవం పుట్టుకొచ్చేది.

అక్కడే ఉండిపోవాల్సింది. ఒక్కతే పిల్ల పట్నంలో ఎందుకని ఎస్తేరు ఏడ్చి, ప్రార్థించి, అలిగి, వెనక్కి రప్పించింది. వరంగల్ వచ్చాక తెలిసింది, ఆ చదువు పేరు ఇక్కడ ఎవరి నోటా లేదని. ప్రభుత్వ ఉద్యోగాల ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఆత్రంగా వెతికేది. నర్సులకు ఉండేవి, ల్యాబ్ వాళ్లకు ఉండేవి, ఆమె చదువు పేరు మాత్రం ఆమె కంట పడిన ఏ ప్రకటనలోనూ లేదు. ఒక ప్రైవేటు దవాఖాన వాళ్లు రిసెప్షన్‌లో కూర్చుంటావా అన్నారు. ఇంకొకరు నెక్కొండ, కేసముద్రం వైపు ఊళ్లు తిరిగి, అక్కడ సూదులేసే వాళ్లను మంచి చేసుకుని కేసులు పట్టుకు రమ్మన్నారు. చివరికి ఈ అద్దాల మేడ వాళ్లు డ్యూటీ డాక్టరు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. కుర్చీ ఖాళీగా ఎందుకుందో ఆ రోజు ఆమెకు తోచలేదు.

ఇంట్లో సంగతి ఇంకో తీరు. కూతురికి ఉద్యోగం వచ్చిన వారంలోనే, ఆటో నడిపే ఇమ్మానుయేలు ఆటో వెనకాల ‘డా. జెస్సికా డాడీ’ అని ఎర్రటి స్టిక్కరు వేయించాడు. ఆమె గోటితో గీకబోయింది. తండ్రి మొహం చిన్నబోయింది.

“ఉండనియ్ బిడ్డా. ఎవలేమంటరు?”

ఎవరూ ఏమీ అనలేదు. అదే వచ్చిన చిక్కు.

కాశిబుగ్గ చర్చి ఆవరణలో ఉచిత వైద్య శిబిరం పెట్టాలన్న ఆలోచన భానుచందర్‌ది. జనం ఆదివారం ఎలాగూ అక్కడికొస్తారు, పైగా ‘వాళ్ల పిల్లే’ డాక్టరు. గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. పైన దవాఖాన యజమాని డాక్టర్ మల్లికార్జున్ బొమ్మ, కింద స్టెతస్కోపుతో జెస్సికా బొమ్మ, పక్కన ‘డా.’ అన్న అక్షరం. ఆరాధన ముగిసింది, రేకుల కింద కుర్చీలు వేశారు, జనం వరస కట్టారు. మల్లికార్జున్ మాత్రం రాలేదు.

“సార్‌కు ఫంక్షనున్నది. నువ్వున్నవు గదా” అన్నాడు భానుచందర్ తాపీగా.

“సార్, డాక్టర్ లేకుండ నేనొక్కదాన్నే చూసి మందులు రాయొద్దు.”

“ఎవలు రాయమన్నరు? గ్యాస్ గోలీలియ్యి, బలం గోలీలియ్యి. పెద్ద కేసు అనిపిస్తే మన దగ్గరికి పంపు. ఇంకోటి, అందర్నీ చేత్తోని ముట్టుకో. ముట్టుకుంటే జనానికి మంచిగనిపిస్తది. కార్డు ఏదీ? తిప్పు.”

తన చర్చిలో, తనను ఎత్తుకుని పెంచిన మనుషుల ముందు, జెస్సికా కార్డు తిప్పుకుంది.

వరసలో పూలమ్మ వచ్చింది. వీధి చివర కూరగాయలమ్మే మనిషి, ఒంటరిది, ఎస్తేరుకు అక్క లెక్క. చిన్నప్పుడు జెస్సికాను చంకనేసుకుని తిప్పింది ఆమే. ఎన్నాళ్లుగానో షుగరు. కుర్చీలో కూచుని, కుడికాలికి చుట్టిన పాత చీర ముక్క విప్పింది. బొటనవేలు నల్లబడి ఉంది. పక్కన పుండు. గుప్పుమని వాసన కొట్టింది. జెస్సికా నేల మీద మోకాళ్లేసి కూచుని, కాలు రెండు చేతుల్లోకి తీసుకుని, కడిగి, కట్టు కట్టింది.

“పెద్దమ్మా, ఇది నాతోని కాదు. ఇయ్యాలనే సర్కారు దవాఖానకు పో. ఆపరేషన్ డాక్టరుకు సూపియ్యాలె. లేటైతే కాలికే ముప్పు. సమజైందా?”

“అట్లనే బిడ్డా” అంది పూలమ్మ, ఆమె తల నిమురుతూ.

జెస్సికా భానుచందర్ దగ్గరికి వెళ్లి, పూలమ్మను దవాఖాన బండిలో తీసుకెళదామంది. అతను అటొకసారి చూశాడు. “మన దగ్గరికా? ఆమెతోని మనకేమొస్తది? పోనియ్.” అలా అంటూనే తన ఫోను చూపించాడు. జెస్సికా మోకాళ్ల మీద కూచుని పూలమ్మ కాలు పట్టుకున్న ఫోటో. “ఫోటో మాత్రం సూపర్ వచ్చింది” అన్నాడు. సాయంత్రానికి అది అతని స్టేటస్‌లో ఉంది. కింద ‘సేవే మా మార్గం’ అని రాసి ఉంది. ఆ కాలు కంపు అతనికి అందలేదు కానీ, ఆ ఫోటో చూస్తుంటే జెస్సికాకు అందింది.

వారమంతా డ్యూటీల మీద డ్యూటీలు పడ్డాయి. ఒకసారి తల్లిని అడిగింది, పూలమ్మ పెద్దమ్మ దవాఖానకు పోయిందా అని. “పొమ్మన్నంక పోకుంటదా?” అంది ఎస్తేరు. ఆ జవాబుతో సరిపెట్టుకుంది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక అటే డ్యూటీకి పోవాలని, కోటు సంచీలో పెట్టుకుని చర్చికి వెళ్లింది. గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. కాలు పట్టుకున్న ఫోటో అందులో గోడంత ఉంది. జనం దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. జెస్సికా తల వంచుకుని లోపలికి పోయి కూచుంది.

సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి మైకులో చెబుతున్నారు. పూలమ్మ లేచింది. కుంటుతూ ముందుకొచ్చింది. ఆమె నడిచిన దారిలో చాప మీది ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఆ వాసన వెనక వరసలో ఉన్న జెస్సికాను తాకింది. మల్లెపూల వాసన, సెంటు వాసన, అన్నింటినీ తొక్కుకుంటూ వచ్చి తాకింది. పోయిన వారం కంటే ఇంకా ముదిరింది.

“నేను ఏ దవాఖానకూ పోలే” అంది పూలమ్మ మైకులో, గర్వంగా. “మన బిడ్డ, మన డాక్టరమ్మ, రెండు చేతులతోని నా కాలు వట్టుకున్నది. గంత కంపుగొట్టే కాలు, జర కూడ మొహం తిప్పుకోలె. ఇగ నాకు వేరే డాక్టరెందుకు? నొప్పి సుత తెలుస్తలేదు ఇప్పుడు.”

చప్పట్లు మోగాయి. హల్లెలూయ అన్నారు. అలాంటి కాలుకు నొప్పి తెలియకపోవడం ఎంత చెడ్డదో జెస్సికాకు తెలుసు. సర్కారు దవాఖానకు పొమ్మన్న మాట పూలమ్మ చెవికి ఎక్కనేలేదు. సొంత పిల్ల డాక్టరై ముట్టుకున్నాక పరాయి డాక్టరు దగ్గరికి పోవడం ఆమె లెక్కలో ఆ పిల్లను అవమానించడమే.

“జెస్సికా, నువ్వు కూడ వచ్చి సాక్ష్యం చెప్పమ్మా” అని పిలిచాడు చర్చి పాస్టరు అయ్యగారు. “మన సుకన్య కూడ నువ్వు చదివిన కోర్సులోనే చేరుతదంట. పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పు.” ముందు వరసలో కూచున్న సుకన్య, ఇంటర్ పాసైన పిల్ల, వెనక్కి తిరిగి కళ్లింతలు చేసుకుని చూసింది.

జెస్సికా మైకు పట్టుకుంది. ఈ ఒక్క మాట చెబితే ఆటో వెనక స్టిక్కరు, తల్లి ఎత్తుకు తిరిగే తల, గేటు మీది ఫ్లెక్సీ, అన్నీ ఒక్కసారే ఊడిపోతాయి. చెప్పకపోతే ఆ కాలు పోతుంది.

“నేను డాక్టర్‌ను కాను” అంది. “పూలమ్మ పెద్దమ్మ కాలు నేను బాగుచెయ్యలేదు. నాకు ఆ చదువు లేదు. డాక్టర్ పక్కన ఉండి సాయం చేసే చదువే నాది.”

అయ్యగారి మొహం వెలిగిపోయింది.

“చూసిండ్రా! ఎంత తగ్గింపు, ఎంత వినయం! ఇంత చదువుకున్న బిడ్డ, నేనేమీ కాదంటాంది. యేసయ్య శిష్యుల కాళ్లు కడిగినట్టు కడిగి, నాది సాయమే అంటాంది!”

మళ్లీ చప్పట్లు, ఈసారి ఇంకా గట్టిగా. ఆ చర్చిలో సాక్ష్యమన్నాక ‘నేను ఏపాటిదాన్ని’ అనే మొదలుపెడతారు. టీచరు కూడా నాకేం రాదంటుంది, పాటగాడు కూడా నాకు గొంతే లేదంటాడు. వాళ్ల చెవులకు జెస్సికా మాట కూడా అలాంటిదే. ఆమె గొంతు పెంచి, “నిజంగనే కాదు! వినుండ్రి!” అని అరిచింది. ఆ అరుపు కూడా భక్తి కిందే జమైంది. వెనక ఎవరో కళ్లు తుడుచుకున్నారు. ఎస్తేరు మాత్రం కూతురి వంక చూసి, చాలు, ఇక ఆపు అన్నట్టు చెయ్యి ఊపింది. ఎస్తేరుకు తెలుసు.

జెస్సికాకు అందరి మీదా అసహ్యం వేసింది. వినని జనం మీద, తెలిసీ నోరు విప్పని తల్లి మీద, కార్డు తిప్పుకున్న తన చేతుల మీద. మైకు అయ్యగారి చేతిలో పెట్టేసి పూలమ్మ దగ్గరికి వెళ్లింది.

“పెద్దమ్మా, నడువు. సర్కారు దవాఖానకు పోదాం.”

“ఎందుకే? నువ్వు సూసినవు గదా.”

“నేను చూస్తే లెక్క కాదు. చెప్తాన గదా, నేను డాక్టర్‌ను కాను.”

“గంత చిన్నగ చేసుకోకు బిడ్డా నిన్ను నువ్వు” అని పూలమ్మ నవ్వి, చాప మీద ఇంకాస్త కుదురుగా కూచుంది.

బతిమాలింది, కోప్పడింది. పూలమ్మ కదల్లేదు. అప్పుడు జెస్సికా బయటికి వచ్చింది. ఆటో దగ్గర నిలబడి సంచీలోంచి కోటు తీసి తొడుక్కుంది. స్టెతస్కోపు మెడలో వేసుకుంది. కార్డు వేసుకుని, చూసి చూసి, తనే వెనక్కి తిప్పింది. అంత నీచంగా ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. తిరిగి లోపలికి వెళ్లి, రోగుల మీద మల్లికార్జున్ వాడే గొంతుతో అంది:

“డాక్టర్ చెప్తాంది. లెవ్వు.”

పూలమ్మ గబుక్కున లేచి నిలబడింది. “వస్తాన బిడ్డా, వస్తాన. డాక్టరమ్మ చెప్పినంక రాకుంటనా?”

నిజం చెబితే కదలని మనిషి అబద్ధం చెబితే పరుగు పెట్టింది. ఇమ్మానుయేలు ఆటో తీశాడు. పూలమ్మ సంచీ పట్టుకుని సుకన్య కూడా ఎక్కింది. దారిలో ఆ పిల్ల మెల్లగా అడిగింది. “అక్కా, నువ్వు మైకుల చెప్పింది నిజమేనా?”

“నిజమే.”

“మరి నేను చేరాల్నా, వద్దా?”

“ముందు ఈ కాలు సంగతి చూడనియ్యవే” అంది జెస్సికా.

సర్కారు దవాఖాన క్యాజువాలిటీలో సర్జన్ సుభాషిణి కట్టు విప్పింది. చాలాసేపు చూసింది. వేళ్లతో అక్కడక్కడా నొక్కి, తెలుస్తోందా అని అడిగింది. తెలియడం లేదంది పూలమ్మ, అదేదో శుభవార్త అయినట్టు.

“ఇన్నాళ్లు ఏం చేస్తున్నారమ్మా? ఎవరికీ చూపించలేదా?”

“అయ్యో, సూపెట్టకేం? పోయిన ఐతారమే డాక్టరు సూసింది.”

“ఏ డాక్టరు?” సుభాషిణి గొంతు మారింది. “ఈ కాలు చూసి ఇంటికి పంపిన డాక్టరెవరు?”

పూలమ్మ మురిసిపోతూ చెయ్యి చూపింది. “గీ బిడ్డనే. మా డాక్టరమ్మ.”

సుభాషిణి తిరిగి చూసింది. తెల్లకోటు, స్టెతస్కోపు, తిరగేసిన కార్డు. జెస్సికా చెయ్యి పైకెత్తి కార్డు తిప్పింది. తనిఖీ లేని రోజున అది ముందుకు తిరగడం అదే మొదలు. సుభాషిణి వంగి చదివింది.

“ఫిజీషియన్ అసిస్టెంట్‌వా? ఎవరికి అసిస్టెంట్‌వమ్మా? ఆ డాక్టరేడీ?”

మల్లికార్జున్ పేరు నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఆయన ఎప్పుడైనా తన పక్కన కూచున్నాడా? తను రాసింది ఒక్కసారైనా చదివాడా?

“రాలేదు మేడం.”

“ఆ రోజు రాలేదా, ఎప్పుడూ రాడా?”

జెస్సికా తల వంచుకుంది. సుభాషిణి తిట్టినా బాగుండేది. “వేలు పోతుంది. పాదం దక్కుతుందో లేదో లోపల తెరిచి చూస్తే గానీ చెప్పలేను” అని, స్ట్రెచరు తెమ్మని కేకేసి వెళ్లిపోయింది.

సుకన్య గోడకు ఆనుకుని, పూలమ్మ సంచీ గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. జెస్సికా ఆ పిల్ల వైపు తిరిగింది.

“చదువు మంచిదే సుకన్యా. చేరితే చేరు. కానీ ఉద్యోగం ఇస్తమన్నోళ్లను ముందుగాల గీ మేడం అడిగిందే అడుగు. నీ పక్కన నిలబడే డాక్టరెవరో సూపియ్యమను. సూపియ్యకపోతే ఆ కోటు ముట్టుకోకు.”

స్ట్రెచరు వచ్చింది. పూలమ్మను పడుకోబెట్టారు. తోసుకెళుతుంటే ఆమె జెస్సికా చెయ్యి పట్టుకుంది.

“వీళ్లెవలో నాకు తెల్వదు బిడ్డా. కోసుడేదో నువ్వే కొయ్యి.”

“నేను కొయ్యలేను పెద్దమ్మా. నేను డాక్టర్‌ను కాను.”

ఇక్కడ మైకు లేదు, చప్పట్లు లేవు, తగ్గింపు అని మురిసిపోయే అయ్యగారు లేడు. పూలమ్మ ఆమె మొహంలోకి చూసింది. కళ్లలోకి చూసింది. ఆ మాట ఈసారి నిజంగా లోపలికి వెళ్లింది. పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా వదిలేసింది.

“మరి ఆనాడు నా కాలెందుకు వట్టుకున్నవే?” అంది.

స్ట్రెచరు తలుపుల్లోంచి లోపలికి వెళ్లిపోయింది. జెస్సికా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.